ఒకే బల్ల దగ్గర గీసిన అన్నదమ్ములు

(బరంపురంలో తెలుగు మిత్రుల సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ సభ ఒక డ్రాయింగు మాస్టారి పేరు మీద జరుగుతోంది. ఆయన దగ్గర పెన్సిలు పట్టడం నేర్చుకున్నవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. ఒకరిద్దరు బొమ్మలతోనే బతికారు. మిగతావాళ్ళం ఉద్యోగాల్లో పడిపోయాం. మాస్టారికి ఈ రెండో రకం వాళ్ళ మీదే ధ్యాస ఎక్కువ. చేయి బాగా తిరిగిన పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడు, ఎందుకు ఆగిపోయాడు అని ఆరా తీసేవారు. అందుకే ఇవాళ ఒక సినిమా గురించి మాట్లాడాలనుకున్నాను. ఒకే ఇంట్లో ఒకే బల్ల దగ్గర కూర్చుని గీసిన ముగ్గురు అన్నదమ్ముల్లో ఒకడు లోకప్రసిద్ధుడయ్యాడు. ఇంకొకడు తల్లి ఇంట్లో మేడ మీద గదిలోనే ముగిసిపోయాడు. ఆ సినిమా పేరు 'క్రంబ్'. తీసినవాడు టెర్రీ జ్వైగాఫ్. 1994లో తొలిసారి తెర మీదికి వచ్చింది. మరుసటి ఏడు సన్‌డాన్స్ చిత్రోత్సవంలో డాక్యుమెంటరీలకిచ్చే పెద్ద బహుమతి అందుకుంది. ఆస్కార్‌కి మాత్రం కనీసం నామినేషన్ కూడా రాలేదు. అప్పట్లో దాని మీద పెద్ద దుమారమే లేచింది.

రాబర్ట్ క్రంబ్ 1943లో ఫిలడెల్ఫియాలో పుట్టాడు. అమెరికాలో అండర్‌గ్రౌండ్ కామిక్స్ అంటే మొదట చెప్పే పేరు ఆయనదే. అవి ఎందుకు పుట్టాయో ముందు రెండు మాటల్లో చెప్పాలి. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని 1950లలో అక్కడ పెద్ద గొడవ జరిగింది. 1954లో ప్రచురణకర్తలే ఒక నియమావళి రాసుకున్నారు. దాని ముద్ర లేని పుస్తకాన్ని దుకాణాలకు చేర్చే పంపిణీదారులు దొరకడం కష్టమైపోయింది. నేరం, శృంగారం, అధికారుల మీద అవహేళన అన్నీ పుటల్లోంచి తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తరం పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, ముద్రతో పనిలేకుండా సొంతంగా అచ్చువేసుకుని, మామూలు దుకాణాలు కాకుండా వేరే చోట్ల అమ్ముకోవడం మొదలుపెట్టారు. క్రంబ్ 'జాప్' మొదటి సంచిక 1968లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో హైట్ వీధిలో, పసిపిల్లల్ని తోసుకెళ్ళే బండిలో ఆ పుస్తకాలు పెట్టుకుని అమ్మారు. అప్పుడు భార్య డేనా నిండు గర్భిణి.

1968 అంటే మనకూ గుర్తుండాలి. ఆ ఏడే విశాఖపట్నంలో దిగంబర కవుల మూడో సంపుటి వచ్చింది. 1965లో తొలి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఒకరి పేరు ఒకరు విని ఉండే అవకాశం లేని రెండు చోట్ల, మర్యాద మీద ఒకే రకం కోపం ఒకే కాలంలో బద్దలైంది. ఇంకో పోలిక కూడా దాచకుండా చెప్పాలి. దిగంబర కవుల భాషలో ఆడదాని శరీరం తిట్టుగా మారిన చోట్లు ఉన్నాయి. ఆ సంగతిని తర్వాతి తరం స్త్రీవాదులు గట్టిగానే ఎత్తిచూపారు. క్రంబ్ బొమ్మల్లో అయితే అది అక్కడక్కడా ఉన్న దోషం కాదు. పుట పుటకీ ఉంటుంది. తలలేని ఆడవాళ్ళు, వాహనంలా ఎక్కి తిరగడానికి పనికొచ్చే ఆడవాళ్ళు. నల్లవాళ్ళను పాతకాలపు వెక్కిరింపు రూపాల్లో గీసిన కథలున్నాయి. ఒకే కుటుంబంలో వావివరసలు తప్పడం గురించి వేసిన కథ ఉన్న 'జాప్' నాలుగో సంచిక మీద న్యూయార్క్‌లో అశ్లీలత కేసులు నడిచాయి. ఇదంతా అమెరికా మనసు అడుగున ఉన్న మురికిని పైకి తోడడమే అని ఒక పక్షం అంటుంది. తోడుతున్నది మురికే కావచ్చు, కానీ చూసేవాడి చేతికి అంటించి వదిలేస్తున్నాడని ఇంకో పక్షం అంటుంది. సినిమా రెండు పక్షాల చేతా మాట్లాడించింది. టైమ్ పత్రిక కళావిమర్శకుడు రాబర్ట్ హ్యూస్ క్రంబ్‌ను చిత్రకారుడు బ్రూగెల్‌తో పోలుస్తాడు. మదర్ జోన్స్ పత్రికకు సంపాదకురాలిగా పనిచేసిన డీడ్రి ఇంగ్లిష్ ఒక్కొక్క బొమ్మనూ ముందు పెట్టుకుని, ఇక్కడ వ్యంగ్యం ఆగిపోయి సొంత కామం మొదలైందని ఓపికగా వివరిస్తుంది. కార్టూనిస్టు ట్రీనా రాబిన్స్ అదే రంగంలో పనిచేసిన మనిషి. ఆమె అభ్యంతరాన్ని బయటివాళ్ళ మాటగా తోసెయ్యడానికి వీల్లేదు.

నేను ఎటు అంటే, ఆ ఇద్దరు స్త్రీల పక్షం. అయినా ఈ సినిమాను ఎన్నిసార్లు చూసినా మళ్ళీ చూడాలనిపిస్తుంది. కారణం ఆ ఇల్లు.

తండ్రి మెరైన్ సైన్యంలో 20 ఏళ్ళు చేసి వచ్చినవాడు. మనుషుల చేత చక్కగా పని చేయించడానికి ఎలా శిక్షణ ఇవ్వాలో చెప్పే పుస్తకం రాశాడు. ఇంట్లో కొడుకుల మీద చేయి చేసుకునేవాడు. తల్లి బరువు తగ్గే మాత్రలతో మొదలుపెట్టి ఆ మత్తుకు అలవాటు పడిపోయిన మనిషి. పిల్లలు అయిదుగురు: ఇద్దరు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. మగపిల్లల్లో పెద్దవాడు చార్ల్స్. రాబర్ట్ కన్నా ఒక ఏడాది పెద్ద. కామిక్స్ పిచ్చి అసలు చార్ల్స్‌దే. తమ్ముళ్ళను కూర్చోబెట్టి గీయించినవాడు ఆయనే. నెలనెలా సంచికలు తయారుచెయ్యాలి, పుటలు నింపాలి. అన్న మాట కాదంటే ఒప్పుకోడు. చిన్నవాడు మాక్సన్‌కి ఆ పిల్లల సంఘంలో దక్కిన పదవి సామాన్లు అందించే కుర్రాడిది. నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ మాట చెప్పేటప్పుడు మాక్సన్ గొంతులో ఉక్రోషం వినిపిస్తుంది. నన్ను నా మానాన వదిలేస్తే బొమ్మలు వేసేవాణ్ణే కాదేమో, అన్న బలవంతంతోనే మొదలుపెట్టానని రాబర్ట్ ఒప్పుకుంటాడు.

చార్ల్స్ పిల్లతనంలో 1950 నాటి డిస్నీ చిత్రం 'ట్రెజర్ ఐలండ్' చూశాడు. అందులో జిమ్ హాకిన్స్ వేషం వేసిన బాలనటుడు బాబీ డ్రిస్కాల్. ఆ కథ చార్ల్స్‌ను పట్టుకుని మళ్ళీ వదల్లేదు. ఏళ్ళ తరబడి ఆ దొంగల ఓడనే, ఆ కుర్రవాణ్ణే, లాంగ్ జాన్ సిల్వర్‌నే గీశాడు. ఆ పిల్లవాడి మీద తనకున్నది మామూలు ఇష్టం కాదని, దానిమీద ఏనాడూ అడుగు ముందుకు వెయ్యలేదని ఆయనే కెమెరా ముందు చెబుతాడు.

ఇక్కడ జ్వైగాఫ్ ఒక గొప్ప పని చేశాడు. చార్ల్స్ పాత నోటు పుస్తకాల్ని కాలక్రమంలో, ఒక్కో పుటా తిప్పుతూ చూపించాడు. మొదట్లో బొమ్మలు హాయిగా, విశాలంగా ఉంటాయి. మనుషులు నడుస్తుంటారు, మాటల బుడగ తలకు పైన బుద్ధిగా కూర్చుని ఉంటుంది. కొన్ని పుటలు పోయేసరికి బట్టల మీద మడతలు పెరుగుతాయి. చొక్కాకి, చేతికి, మొహానికి, ఆఖరికి ఖాళీ గాలికి కూడా ముడతలు పడతాయి. ఒక్కొక్క ఆకారమూ సన్నటి వంకర గీతల్లో కూరుకుపోతుంది. ఆ తర్వాత బుడగ ఉబ్బుతుంది. మాటలు ఎక్కువై మనుషుల్ని గడి అంచుకు నెట్టేస్తాయి. ఆ తర్వాత మనుషులే ఉండరు, మాటలే. చివరి పుస్తకాల్లో మాటలు కూడా లేవు. అక్షరాల్లా కనిపించే చీమలంత గీతలు, వరసకు వరస, అంచునుంచి అంచుకి, పుటలకు పుటలు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది ఏ భాషా కాదు. చెయ్యి మాత్రం నడుస్తూనే ఉంది.

మన మాస్టారు ఉండి ఉంటే ఆ పుటల దగ్గర సినిమా ఆపించి ఇంకోసారి వేయించేవారు.

ఈ చార్ల్స్‌ను మనం సినిమాలో కలిసేసరికి నడివయసు వాడు. తల్లితో పాటు ఫిలడెల్ఫియాలోని ఇంట్లో, పుస్తకాలతో నిండిన గదిలో ఉంటాడు. బయటికి రాడు. మందుల మీద ఉన్నాడు. చదివిన పుస్తకాలనే మళ్ళీ మళ్ళీ చదువుతుంటాడు. మాట మాత్రం మెరుస్తుంది. ముగ్గురిలో తెలివైనవాడు ఎవరంటే ఎవరైనా చార్ల్స్ పేరే చెబుతారు. రాబర్ట్ ఆ గదిలో అన్న పక్కన కూర్చుని ఉంటాడు. చార్ల్స్ తన ఆత్మహత్యా ప్రయత్నాల గురించి చెబుతుంటే రాబర్ట్ నవ్వుతుంటాడు. మొదటిసారి చూసినవాళ్ళకు ఆ నవ్వు కంపరం పుట్టిస్తుంది. కొంతసేపటికి తెలుస్తుంది: చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో భయాన్ని దాటడానికి ఆ పిల్లలకు దొరికింది ఆ నవ్వొక్కటే. అన్న కూడా నవ్వుతున్నాడు కదా. చార్ల్స్ 1992లో ప్రాణం తీసుకున్నాడు. సినిమా అప్పటికి పూర్తికాలేదు. ఆ వార్తను చివర తెర మీద అక్షరాల్లో చెప్పి ఊరుకున్నారు.

మాక్సన్ గురించి అమెరికా విమర్శకులు రాసింది చదివితే అతణ్ణి ఒక వింత జంతువులా చూసినట్టుంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చవక హోటలు గదిలో ఉంటాడు. మేకుల పలక మీద కూర్చుంటాడు. వీధిలో గిన్నె ముందు పెట్టుకుని బిచ్చమెత్తుతాడు. పొడవాటి గుడ్డ పేలికను మెల్లమెల్లగా మింగుతాడు, పేగుల్ని శుభ్రం చేసుకోవడానికి. మనకు అది చూడగానే హఠయోగంలో చెప్పే వస్త్రధౌతి గుర్తొస్తుంది. ఊరుకాని ఊళ్ళో ఒక్కడే చేసుకుంటున్నాడు. మనవాళ్ళు అతణ్ణి చూసి పిచ్చివాడు అనరు. అయితే సాధువు అని దండం పెట్టేసే తొందరా వద్దు. వీధిలో ఆడవాళ్ళను వేధించిన గతం తనకుందని అతనే చెబుతాడు. ఆ మాట విన్నాక కాషాయం కప్పి దాన్ని దాచలేం. ఆ ఆడవాళ్ళ మొహాలు సినిమాలో లేవు. నాకు తీరని లోటుగా అనిపించేది అదే. మాక్సన్ మంచి చిత్రకారుడు కూడా. తైలవర్ణాల్లో వేసిన బొమ్మల్ని గోడకి చేరవేసి చూపిస్తాడు. అన్నల గీతకూ అతని గీతకూ పోలికే ఉండదు.

అక్కచెల్లెళ్ళు ఇద్దరూ కెమెరా ముందుకు రావడానికి ఒప్పుకోలేదు. సినిమా ఆ మాట ఒక్క వాక్యంలో చెబుతుంది. ఈ సినిమాలో ఎంత దాపరికం లేదని పొగిడినా, ఆ ఇంటి కథలో పెద్ద భాగం వాళ్ళిద్దరి దగ్గరే ఉండిపోయిందని మరిచిపోకూడదు. జ్వైగాఫ్ వాళ్ళను వెంటపడి పట్టుకోలేదు, దొంగచాటుగా తియ్యలేదు.  డాక్యుమెంటరీ తీసేవాళ్ళకు ఈ నిగ్రహం రావడం కష్టం.

జ్వైగాఫ్‌కి ఇది ఎలా సాధ్యమైంది? ఆయన పరాయివాడు కాదు. రాబర్ట్‌కి పాత స్నేహితుడు. ఇద్దరూ 'చీప్ సూట్ సెరినేడర్స్' అనే పాటల బృందంలో కలిసి వాయించారు. ఇద్దరికీ 78 ఆర్పీఎం గ్రామఫోను ప్లేట్ల పిచ్చి. ఏళ్ళకు ఏళ్ళు చిత్రీకరించి, మళ్ళీ ఏళ్ళు కూర్చి ఆ రెండు గంటలు తయారుచేశాడు. ఫిలడెల్ఫియా ఇంటికి రాబర్ట్ పక్కన నడిచి వెళ్ళాడు గనకే ఆ తల్లి తలుపు తీసింది.

ఇప్పుడు నాకు ముఖ్యమైన మాట. క్రంబ్‌ను సమర్థించేవాళ్ళు ఈ సినిమాను సాక్ష్యంగా తెస్తారు. ఇంతటి ఇంట్లో పెరిగినవాడు ఇలాగే గీస్తాడు, ఇంకెలా గీస్తాడు అంటారు. నేను ఒప్పుకోను. అదే ఇంట్లో పెరిగిన చార్ల్స్ అలా గీయలేదు, మాక్సన్ అలా గీయలేదు. గీతకు కారణం దొరికినంత మాత్రాన గీతకు మాఫీ దొరకదు. నల్లవాళ్ళ మీద ఆ బొమ్మలు చూసి బాధపడ్డ మనిషికి ఆ ఇంటి కథ చెప్పి ఊరుకోబెట్టడం అన్యాయం. సినిమా కూడా ఆ పని చెయ్యలేదు. డీడ్రి ఇంగ్లిష్ మాటలకు జవాబుగా చార్ల్స్ గదిని చూపించి కన్నీళ్ళు పెట్టించే అవకాశం కూర్పరికి ఉంది, వాడుకోలేదు. బొమ్మ గురించిన వాదన బొమ్మ దగ్గరే, ఇంటి గురించిన దుఃఖం ఇంటి దగ్గరే ఉంచాడు. రెండూ మనకు ఇచ్చి, లెక్క మన చేత వేయిస్తాడు.

మన దగ్గర ఇలా ఉండదు. మన సంస్మరణ సంచికలు తీసి చూడండి. కళాకారుడి ఇంటివాళ్ళు ఫొటోల్లో ఉంటారు, వ్యాసాల్లో ఉండరు. తెలుగు కార్టూన్‌కి ఆద్యుడని చెప్పుకునే తలిశెట్టి రామారావు మన ఒడిశా నేలమీదే, జయపురంలో 1906లో పుట్టాడు. ఆంధ్రపత్రికలో బొమ్మలు వేశాడు, 1947లోనే పోయాడు. ఆయన పుట్టిన మే 20న ఏటేటా కార్టూనిస్టులు పండగ చేసుకుంటారు. ఆయనతో పాటు ఆ ఇంట్లో ఇంకెవరు పెన్సిలు పట్టారు, ఎవరు వదిలేశారు అని ఆ సభల్లో ఎవరైనా అడగాలి. ఈ గంజాం గడ్డమీద అలా అడగడానికి మనకు ప్రత్యేకంగా కారణం ఉంది. ఇక్కడి చిత్రకార్ ఇళ్ళలో బొమ్మ ఒక్కరి పని కాదు. గుడ్డకి చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసి, ఆరబెట్టి, రాయితో రుద్ది నునుపు చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. గుండ్రటి గంజపా పేకముక్కలకు రంగు నింపడం పిల్లలు నేర్చుకునే తొలి పాఠం. నల్ల గీత పెద్దాయనది. పేరు ఆయనదే పడుతుంది. అయినా ఆ ఇంట్లో సందు దొరకని చార్ల్స్‌లు తక్కువ, ఎందుకంటే అందరికీ ఏదో ఒక చోట చేతికి పని ఉంది. క్రంబ్ ఇంట్లో పిల్లలకు అది లేకపోయింది. వాళ్ళు వేసిన బొమ్మ ఇంటి బయట ఎవరికీ అక్కర్లేదు. రాబర్ట్ 1962లో క్లీవ్‌లాండ్ వెళ్ళి అమెరికన్ గ్రీటింగ్స్ కంపెనీలో కార్డుల మీద బొమ్మలు వేసే ఉద్యోగంలో చేరాడు. ఆ పనిని ఆయన తర్వాత తిట్టుకున్నాడు. నాకైతే ఆయన ప్రాణాన్ని నిలబెట్టింది ఆ ఉద్యోగమే అనిపిస్తుంది. రోజూ ఒకచోటికి వెళ్ళాలి, గీసింది ఇంకొకరికి చూపించాలి, వాళ్ళు బాగోలేదంటే మళ్ళీ గీయాలి. చార్ల్స్ బొమ్మను తప్పు పట్టి వెనక్కి ఇచ్చినవాడు ఎవడూ లేడు.

బొమ్మలు నేర్చుకునే పిల్లలు ఈ సభలో ఉన్నారు కాబట్టి వాళ్ళకోసం ఒక చోటు ప్రత్యేకంగా చెబుతాను. క్రంబ్ తన దగ్గరున్న ఫొటోల కట్ట చూపిస్తాడు. ఒక స్నేహితుడి కారులో తిరిగి తీయించుకున్న మామూలు వీధి మూలలు. అందమైనదేదీ లేదు. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఒకదాన్నొకటి కోసుకుపోయే తీగలు, దుకాణాల బోర్డులు, సిగ్నలు దీపాలు. ఇవి మనం రోజూ చూస్తాం కానీ మనసు వాటిని తుడిచేస్తుంది, ఊహించి గీయబోతే రావు, అందుకే దగ్గర పెట్టుకోవాలని ఆయన వివరిస్తాడు. ఆ చూపుతోనే 'అమెరికా సంక్షిప్త చరిత్ర' అనే బొమ్మల వరస వేశాడు, 1979లో. మొదటి గడిలో గడ్డిమైదానం, చెట్లు. తర్వాత రైలు పట్టాలు, ఒక ఇల్లు, మట్టిరోడ్డు, దుకాణాలు, స్తంభాలు. ఆఖరికి చెట్టు పోతుంది, తీగలే మిగులుతాయి. దాదాపు మాటలే లేకుండా వందేళ్ళకు పైగా చరిత్ర చెప్పాడు. రేపు ఆస్కా రోడ్డు మీద నిలబడి తల పైకెత్తి, ఆ తీగల్ని ఒకటీ వదలకుండా గీసి చూడండి. క్రంబ్ దగ్గర నిస్సందేహంగా నేర్చుకోదగ్గది అదే. దాన్ని తీసుకోవడానికి మిగతావన్నీ మింగనక్కర్లేదు.

సినిమా ముగింపులో రాబర్ట్ కుటుంబం అమెరికా వదిలి దక్షిణ ఫ్రాన్సులోని సోవ్ అనే ఊరికి వెళ్ళిపోతుంది. అక్కడి ఇంటికోసం తన స్కెచ్చు పుస్తకాలు కొన్ని మారకంగా ఇచ్చేశాడు. ఆ తర్వాత చాలా జరిగింది. 2009లో బైబిల్ ఆదికాండం మొత్తాన్ని, ఒక్క అధ్యాయం వదలకుండా బొమ్మల్లో వేసి అచ్చువేశాడు. తొలి భార్య కొడుకు జెస్సీ సినిమాలో తండ్రితో కలిసి బొమ్మలు గీస్తూ కనిపిస్తాడు. అతను 2018లో పోయాడు. భార్య అలీన్ కొమిన్‌స్కీ 2022లో పోయింది.

అలీన్ గురించి సినిమాలో ఉన్నది తక్కువ. నా దృష్టిలో ఆ తర్వాతి కథంతా ఆమెదే. అలీన్ స్వయంగా కార్టూనిస్టు. 1970లలోనే భార్యాభర్తలు కలిసి ఒకే కథను గీయడం మొదలుపెట్టారు. ఒకే గడిలో రాబర్ట్ బొమ్మ రాబర్ట్ గీస్తాడు, అలీన్ బొమ్మ అలీన్ గీస్తుంది. ఆయన గీత నేర్పుగా, నిండుగా ఉంటుంది. ఆమె గీత మొరటుగా, వంకరగా, తన మొహాన్ని తానే దయలేకుండా చూపించేదిగా ఉంటుంది. భర్త చక్కటి బొమ్మల్ని ఈమె పాడు చేస్తోందని పాఠకులు కోపంగా ఉత్తరాలు రాశారు. ఇద్దరూ ఆపలేదు. రాబర్ట్ ఆడదాన్ని ఎలా గీస్తాడో లోకానికంతటికీ తెలుసు. ఆ గడుల్లో మాత్రం ఆడమనిషి తన చేత్తో తనను గీసుకుని, ఆయన మాటకు అక్కడికక్కడే ఎదురుమాట రాసింది. కూతురు సోఫీ పెద్దయ్యాక ఆమె కూడా వాళ్ళ పుటల్లో చేరింది. ఆ కథలన్నీ ఒక్క సంపుటిగా 2012లో వచ్చాయి. సినిమా చూసినవాళ్ళు ఆ పుస్తకం కూడా సంపాదించి చదవాలని కోరుతున్నాను. మాస్టారి పేరు మీద నడిచే చిన్న గ్రంథాలయానికి ఒక ప్రతి తెప్పించే ఏర్పాటు చేస్తాను.